అడివి బజారు వంతు

నీళ్లు వదిలే ఉద్యోగం గురించి ఎవరూ రాయరు. రాయడానికి అందులో ఏముంది? మోటారు వేయడం, వాల్వు తిప్పడం, తిట్లు తినడం. ఈ మూడూ ఓపికున్నంత కాలం చేసి ఇంటికి వచ్చినదాన్ని నేను. అయినా పంచాయతీల్లో ఈ పనికి కొత్తగా వస్తున్న పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఒక ఎండాకాలం సంగతి చెప్పాలనిపించింది.

నేను బడికి పోలేదు. మా అమ్మ ప్రార్థన పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అక్షరం మీద వేలుంచి, ఇంట్లోనే చదువు చెప్పింది. అందుకని నా రాతలో స్తోత్రాలు ఎక్కువై చదువు తక్కువైతే మన్నించండి. మా ఆయన చేస్తున్న పనే ఆయన పోయాక పంచాయతీ వాళ్లు నాకిచ్చారు. ఇచ్చినవాళ్లకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మా ఊరు పినపాక అవతల, అడివంచున. నాలుగు బజార్లు. వాగు పక్కన అడివిలో బోరు. అక్కడి నుంచి పైపులో నీళ్లు ఊరి చివర సంపులోకి వస్తాయి. సంపంటే భూమిలో కట్టిన పెద్ద నీళ్ల తొట్టి. దాని పక్కనే పొడుగు కాళ్ల మీద నిలబడ్డ ట్యాంకు. సంపు నీళ్లను మోటారుతో ట్యాంకులోకి ఎక్కించి, బజారుకొక వాల్వు చొప్పున తిప్పి వదలడం నా పని. ఎండాకాలంలో బోరు సన్నబడేది. అప్పుడు రోజుకో బజారుకే వంతు. పెద్ద బజారు మెరకన ఉన్నా ట్యాంకుకు దగ్గర, వాళ్లకెప్పుడూ నిండుగా వచ్చేవి. చివరి బజారుకు చేరేసరికి నల్లాలో నీళ్ల కంటే గాలే ఎక్కువ.

చివరి బజారులో ఒకామె ఉండేది. మేం చుట్టాలం కాదు, అయినా నన్ను వదినా అనేది. కూలి పనికి పోయే మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఆమె గొంతు అక్కడ లేస్తే నేను ట్యాంకు కింద తల దించుకునేదాన్ని.

"ఏం వదినా, మా బజారోళ్లు మనుషుల్లెక్క కనవడ్తలేరా నీకు? పొద్దుగాల్ల సంది బిందె పట్టుకొని కూసుంటే సుయ్యిమని గాలొస్తుంది. గాలి కాగబెట్టుకొని తాగాల్నా?"

"నేనేం చేసేది చెల్లే, బోరులోనే లేవు."

"రోజూ మోకాళ్ల మీద ప్రార్థన చేస్తవు గద, మా నల్లాల నీళ్లు పంపమని చెప్పరాదు దేవుడికి!"

"ఆ ముచ్చటే చెప్తున్న రోజూ."

"మరి నీ మాట గూడ మా నల్లా లెక్కనే ఉన్నట్టుంది. పైదాక పోతలేదు."

పక్కనున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. తిట్టినా నవ్వొచ్చేటట్టు తిట్టేది ఆమె.

అసలు సంగతేమిటంటే బోరు నుంచి వచ్చే పైపు అడివి మలుపులో ఒక జాయింటు దగ్గర కారేది. ఎప్పటి నుంచో కారుతూనే ఉండేది. అక్కడ చిన్న మడుగు కట్టింది. తెల్లవారి బోరు చూడ్డానికి పోతే ఆ మడుగు చుట్టూ కౌజు పిట్టలు, నెమళ్లు. ఒక ముంగిస నన్ను చూసి పొదలోకి జారుకునేది, మళ్లీ తల బయటపెట్టి ఇంకా పోలేదా అన్నట్టు చూసేది. బురదలో దుప్పుల గిట్టలు, పందుల గిట్టలు అచ్చు పడి ఉండేవి. అప్పుడప్పుడు ఒక అడుగు కనిపించేది, చిన్నపిల్ల పాదమంత, ముందు గోళ్ల గీతలతో. ఎలుగుబంటిది. అది చూసిన రోజు గట్టిగా పాట పాడుకుంటూ వెనక్కి వచ్చేదాన్ని. భక్తి కొంత, భయం కొంత. మనిషి చప్పుడు ముందే వింటే అది పక్కకు తప్పుకుంటుందని అక్కడి కోయవాళ్లు చెప్పారు.

ఆ ఏడాది చివరి బజారు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో పంచాయతీ ముందు కూర్చున్నారు. మా కార్యదర్శి సారు బోనకల్ వైపు అబ్బాయి, కొత్తగా వచ్చాడు, మంచివాడు. మరునాడే ఫిట్టరును పిలిపించాడు. జాయింటు మార్చి, చుట్టూ సిమెంటు పోసి, ఫిట్టరు మీసం దువ్వుకున్నాడు.

"ఇగ సుక్క గూడ కారదు. కారితే ఈ మీసం తీసేస్త."

కారలేదు. ఆయన మీసం ఇప్పటికీ అట్లాగే ఉంది.

చివరి బజారుకు ఆ వారం బిందె నిండింది. వదినా అని పిలిచే ఆమె ఆ నీళ్లతోనే టీ పెట్టి నాకు తెచ్చిచ్చింది. నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మడుగు ఎండి నేల నెర్రెలిచ్చిన సంగతి కంటబడింది గానీ, మనుషులకు నీళ్లు దొరికాయన్న సంతోషంలో దాని గురించి ఎవరం ఆలోచించలేదు. కోతులు నల్లాలు విరగ్గొట్టడం మొదలుపెట్టాయి. నెమళ్లు ఇళ్ల ముందు గిన్నెల దాకా వచ్చాయి. కలికాలం అనుకున్నారు జనం.

అదే రోజుల్లో సంపు మీది ఇనుప మూత తుప్పు పట్టి ఊడితే, మణుగూరులో వెల్డింగుకు ఇచ్చాం. ఎండాకాలం గాలికి దుమ్ము పడకుండా ఏం కప్పాలా అని చూస్తుంటే పంచాయతీ గదిలో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ దొరికింది. మా వైపు పగిలిన గోడకు, కారే కప్పుకు, బర్రెల కొట్టానికి, అన్నిటికీ ఫ్లెక్సీయే మందు. నేనూ సారూ కలిసి దాన్ని సంపు మీద లాగి, అంచుల మీద రాళ్లు పెట్టాం. పెద్దమనిషి రెండు చేతులూ జోడించి ఆకాశం వైపు నవ్వుతూ ఉన్నాడు. ఎంత బాగా కుదిరిందో అని ఇద్దరం మురిసిపోయాం. మనుషులు దాని మీద కాలు పెట్టరని మాకు తెలుసు. మనుషులు కానివాళ్ల సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

ఒకరోజు పొద్దున్న వెలుగు వస్తుండగా మోటారు గదికి పోతున్నాను. ఆనాడు చివరి బజారు వంతు. ముందు సాయంత్రమే సంపులో నీళ్లు చాలావరకు ఎక్కించి ట్యాంకు నింపి పెట్టాను. సంపు దగ్గర పసిబిడ్డ ఏడుపు లాంటిది వినిపించింది. ఎవరి పిల్లో పడిందనుకుని రెండడుగులు ఉరికాను. అంతలో మోటారు గది వెనక నుంచి ఎలుగుబంటి బయటికి వచ్చింది. దాని వీపు మీద వెంట్రుకలు పట్టుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. రెండో పిల్ల సంపులో ఉంది. ఫ్లెక్సీ ఆ నాయకుడి నవ్వు దగ్గరే నిలువునా చినిగింది.

ఆ ఎండాకాలం మొదట్లో పక్క ఊరి మనిషి ఇప్పపూలు ఏరబోతే ఎలుగు ముఖం మీద కొట్టింది. ఆయన ఇంకా భద్రాచలం దవాఖానాలోనే ఉన్నాడు. పిల్లల తల్లి అయితే ఇంకెంత కోపం ఉంటుందో వేరే చెప్పాలా? అది ఒక్కసారి లేచి నిలబడి నన్ను చూసింది. వెనక్కి తిరగకుండా ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చేశాను. ఆ కాసేపు నేను చేసిన ప్రార్థనలో ఒక్క మాట కూడా లేదు, వట్టి ఊపిరే.

సారుకు ఫోను చేశాను. ఆయన ఫారెస్టు వాళ్లకు చేశాడు. మా బీట్ ఆఫీసరు ఒక కోయ అమ్మాయి, దగ్గరి గూడెం పిల్లే. బండి మీద జల్దీ వచ్చింది. అప్పటికే ఊరంతా ఎదురుగా ఉన్న బడి డాబా మీదికెక్కింది. ఫోన్లు పైకి లేచాయి. డాబా కింద కుక్కలు మొరుగుతున్నాయి. తల్లి సంపు చుట్టూ తిరుగుతోంది, లోపలికి తొంగి చూస్తోంది, చెయ్యి చాపుతోంది. అందడం లేదు. లోపల పిల్ల నీళ్లలో పైపును కౌగిలించుకుని ఏడుస్తోంది.

పెద్ద బజారు మనిషి ఒకాయన, "టైరు కాల్చి ఇసిరితే పోతది" అన్నాడు.

"ఇసురన్నా, పోతది" అంది బీట్ ఆఫీసరు. "ఎవరి మీదికి పోతదో గది గూడ నువ్వే చూసుకోవాలె."



ఆమె ఫోనులో ఒక్కొక్కరితో మాట్లాడింది, మధ్యలో కోయ భాషలో ఎవరినో తిట్టింది. మత్తుమందు ఇచ్చి పట్టేవాళ్లు వరంగల్ నుంచి రావాలట. వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. "అందాక పిల్ల పట్టు ఇడవకుండ ఉంటదో లేదో" అంది. ఒక దూలమో నిచ్చెనో దించితే అదే ఎక్కి వస్తుంది, కానీ దించేదెవరు? సంపు దగ్గరికి పోయేదెవరు?

అప్పుడు మా సారు నా వైపు తిరిగాడు. "అమ్మా, ట్యాంకు కడిగేటప్పుడు పై నీళ్లన్నీ మళ్లీ సంపులోకి వదులుతారు కదా, ఆ వాల్వు ఎక్కడుంది?"

"ట్యాంకు కాళ్ల సందున సారూ. ఎందుకు?"

"సంపు నిండితే పిల్ల తేలి పైకి వస్తుంది కదమ్మా."

నిజమే. ఆ వాల్వు సంపుకు కొంచెం ఎడంగా ఉంది. దగ్గరికి పోకుండానే తిప్పొచ్చు. ఆ ఉపాయం నాకు రానందుకు సిగ్గుపడలేదు. ఎవరి నోట పంపినా పంపినవాడు ఒక్కడే అనుకున్నాను.

"వదలొచ్చు సారూ. కానీ ట్యాంకులో ఉన్నవి చివరి బజారు నీళ్లు."

డాబా కిందనే చివరి బజారు ఆడవాళ్లు ఉన్నారు. నల్లా రాలేదని బిందెలతో వచ్చి ఇది చూసి ఆగిపోయినవాళ్లు. అందరి కళ్లూ వాళ్ల మీదికి పోయాయి.

వదినా అని పిలిచే ఆమె ముందుకు వచ్చింది. "మొత్తం పోతయా?"

"మొత్తం పోతయి చెల్లే. అటెన్క సంపు తోడి కడగాలె, మందు కలపాలె, మళ్ల నింపాలె. రేపు సాయంత్రం దాక ఊరు మొత్తానికే నీళ్లు లేవు."

"మా ముసలాయినకు గంజి కాయనీకి గూడ లేవు" అంది వెనక నుంచి ఒకామె. అందులో తప్పేం లేదు. నిజమే చెప్పింది.

వదినా అనే ఆమె మాత్రం ఎలుగునే చూస్తోంది. అది వీపు మీది పిల్లను మోసుకుంటూనే మళ్లీ సంపులోకి వంగింది. పై పిల్ల జారబోయి వెంట్రుకలు గట్టిగా పట్టుకుంది.

"దానికి గూడ ఇద్దరేనా" అంది మెల్లగా. తర్వాత ఆమె గొంతు లేచింది. ఈసారి నా మీద కాదు, డాబా మీదికి. "ఓ పెద్ద బజారోళ్లారా! మీ ఇండ్లల్ల తొట్లు నిండి ఉన్నయి. ఇయ్యాల మా బజారుకు ఇంటికింత పొయ్యాలె. పోస్తరా, పొయ్యరా?"

పైన గుసగుసలు.

"ఫోన్లు కింద పెట్టి నోటితోని చెప్పుండ్రి!"

"పోస్తం" అన్నాడు టైరు మనిషే. అతని వెనక ఇంకొందరు, "పోస్తంలే, పోస్తం" అన్నారు.

ఆమె నా వైపు తిరిగింది. "ఇన్నవా వదినా? ఇగ తిప్పు. ఒక్క రోజు నీళ్లు లేకుంటే మేం చావం. అది చస్తది."

వాల్వు తిప్పే ఇనుప రాడ్డు పట్టుకుని పోయాను. బీట్ ఆఫీసరు నా పక్కన కర్ర పట్టుకుని నడిచింది. "ఉరకొద్దమ్మా. ఏమైనా గానీ ఉరకొద్దు." రాడ్డు వాల్వుకు తగిలించి బలం కొద్దీ తిప్పాను. కదల్లేదు. ట్యాంకు కడిగినప్పుడు తప్ప ముట్టని వాల్వు, తుప్పు పట్టి బిగుసుకుంది. చేతులు చెమటకు జారిపోతున్నాయి. కళ్లు మూసుకున్నాను. ఇంతలో రాడ్డు రెండో కొసను ఎవరో పట్టుకున్నారు. చూస్తే చివరి బజారు ఆమె.

"ప్రార్థన అటెన్క చేద్దువు గాని, ముందు తిప్పు."

"రెండూ ఒక్కసారి అయితయిలే. పట్టు."

ఇన్నాళ్లూ ఆ వాల్వుల దగ్గరే పోట్లాడుకున్న మేమిద్దరం ఎద్దుల జత లాగా ఒక్క రాడ్డు మీద వంగాం. కిర్రుమని కదిలింది. మళ్లీ కొంచెం. అంతే, పైపులో నీళ్లు గర్జించి సంపులో పడ్డాయి.

ఆ చప్పుడుకు తల్లి అదిరి లేచి నిలబడి అరిచింది. మా వైపే తిరిగింది. చివరి బజారు ఆమె చెయ్యి నా చెయ్యిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గుచ్చుకుని గీరుకుంది. "కదలొద్దు" అంది బీట్ ఆఫీసరు గుసగుసగా. కదల్లేదు. సంపులో పిల్ల మళ్లీ ఏడ్చింది. తల్లి మమ్మల్ని వదిలేసి అటు తిరిగింది.

నీళ్లు నిండే చప్పుడు నా చెవికి అలవాటే. నీళ్లు అడుగున ఉన్నప్పుడు ఒక రకంగా, నిండుతున్నప్పుడు ఒక రకంగా ఉంటుంది. ఆ చప్పుడు సన్నబడుతుంటే, వస్తోంది, వస్తోంది అని నాలో నేను చెప్పుకుంటున్నాను. చివరికి నల్లని చిన్న మూతి అంచు పైన కనిపించింది. తర్వాత ఒక పంజా. పట్టు తప్పి మళ్లీ మునిగింది. డాబా మీద ఊరంతా ఒక్క గొంతుతో అయ్యో అంది. మళ్లీ తేలింది. ఈసారి తల్లి మెడ చాపి, పిల్లను మెడ మీద నోట కరిచి బయటికి గుంజింది.

తడిసిన పిల్ల పిల్లికూనంత అయిపోయింది. రెండుసార్లు విదిలించుకుంది. తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి వాసన చూసింది. ఆ పిల్ల తల్లి కాలు పట్టుకుని వీపు మీదికి పాకింది. అక్కడున్న తోబుట్టువు తడి తగిలి కసిరింది. ఇద్దరినీ మోసుకుని ఎలుగు పొలం గట్టు మీదుగా అడివిలోకి పోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుక్కలు కూడా ఎందుకో ఊరుకున్నాయి.

ఆమె రాడ్డు వదిలేసి కూలబడింది. "వదినా, ఇప్పుడు చెయ్యి నీ ప్రార్థన. నాక్కూడ కలిపి చెయ్యి."

ఆ సాయంత్రం పెద్ద బజారు వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. ఇంటికింత అంటే చెంబు అని అర్థం చేసుకున్నవాళ్లూ ఉన్నారు, డ్రమ్ము బండి మీద పెట్టుకుని తెచ్చినవాళ్లూ ఉన్నారు. టైరు మనిషి డ్రమ్ము తెచ్చాడు. గంజి నీళ్లు లేవన్న ఇంటికి తనే మోసుకుపోయి పోశాడు. దేవుడు మనుషుల్ని కొన్నిసార్లు మన అంచనాల మీద కోపంతోనే మంచివాళ్లను చేస్తాడేమో అనిపిస్తుంది.

తర్వాత జరిగిన గ్రామసభలో, అడివిలో మడుగు ఎండడమే ఊళ్లోకి జంతువుల్ని తోలుకొచ్చిందన్న మాట అందరూ ఒప్పుకున్నారు. బీట్ ఆఫీసరు వాళ్ల పెద్దలతో మాట్లాడి, ఇళ్లకు బాగా దూరంగా, అడివి లోపల పళ్లెం ఆకారంలో సిమెంటు గుంట కట్టించింది. ఊరి దగ్గర పెట్టొద్దని, తిండి గింజ కూడా వేయొద్దని గట్టిగా చెప్పింది. వాటికి నీళ్లు కావాలి గానీ మన అలవాటు కావద్దని ఆమె మాట. గుంట కట్టడం సులువే. నింపడమే కష్టం. ఎవరి నీళ్లు? మళ్లీ చివరి బజారు ఆమే లేచింది.

"మా ఒక్కల నీళ్లే పోతే ఊకోం. నాలుగు బజార్లు తలా ఒక వంతు ఇడవాలె. దానికీ ఒక వంతు పెట్టుండ్రి."

ఫిట్టరు వచ్చి బోరు పైపుకు వాల్వు పెట్టాడు. "నేను బంద్ చేసిన సుక్కకు నాతోనే నల్లా పెట్టిస్తున్నరు" అని మీసం కింద గొణుక్కున్నాడు. మా దగ్గర ఒక్కో వాల్వు మూత మీద బజారు పేరు రంగుతో రాసి ఉంటుంది. ఐదో దాని మీద ఏం రాయాలని సారు నన్నడిగాడు. నేను ఆలోచిస్తుంటే ఆయనే బ్రష్షు తీసుకుని రాసేశాడు: అడివి బజారు.

అన్నీ చక్కబడ్డాయని రాస్తే అబద్ధమవుతుంది. పందులు ఇప్పటికీ మక్కచేలలో పడుతున్నాయి. కోతులకు ఏ వంతూ పట్టదు. చివరి బజారు పైపు మార్చడానికి ఇంకా చాలా రోజులు తిరగాల్సి వచ్చింది. కానీ ఎలుగు మళ్లీ ఊళ్లోకి రాలేదు. నేను పనిలో ఉన్నంతకాలం తెల్లవారి ఆ గుంట దాకా పోయి, బురదలో పెద్ద అడుగు పక్కన చిన్న అడుగులు చూసి, గట్టిగా పాడుకుంటూ వెనక్కి వచ్చాను. అప్పటికి భయం తగ్గింది. పాట మాత్రం మానలేదు.

ఇప్పుడు నా పని చేస్తున్నది ఆ చివరి బజారు ఆమె కోడలే. నన్ను అత్తమ్మా అంటుంది. మొన్న ఎండలు ముదిరిన రోజుల్లో నేనూ అందరిలాగే బిందె కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎంతకీ రావు. నల్లా సుయ్యిమని గాలి వదిలింది. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు నీళ్లు వదిలినదాన్ని, నాకే నీళ్లు లేవా అని ఫోను చేశాను.

"ఏందే, మా బజారోళ్లు మనుషుల్లెక్క కనవడ్తలేరా నీకు?"

అటు నుంచి నవ్వు వినిపించింది.

"ఇయ్యాల మీ బజారు తన వంతు ఇడిసే రోజు గద అత్తమ్మా. అడివి బజారుకు ఇడిసిన. నిండవట్టింది, ఇంక జరసేపు పడ్తది."

ఫోను పెట్టేసి, బిందె బోర్లించి దాని మీదే కూర్చున్నాను. అటు అడివి వైపు నుంచి నెమలి ఒకటి కూసింది. వంతు మర్చిపోయిన ముసలిదాన్ని నేను. మర్చిపోనివాళ్లను నా తర్వాత పెట్టినందుకు దేవునికి స్తోత్రం.